మసకబావిలో పడ్డ మనిషి

ఆ గురువారం పొద్దున స్తిల్యాన వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. సాయంత్రం నాలుగింటికి స్టేషను పక్కన పత్రికల బడ్డీకి రాజధాని సోఫియా నుంచి పుస్తకాల కట్ట వస్తుంది. ఐదింటికి తన మందుల దుకాణం మూసేయాలి. ఆరింటికి పావ్లిన్ పుస్తకాల కొట్టు వెనక గదిలో, అభిమాన సంఘం సభ్యులందరి ఎదుటా, కామెన్ దోయ్‌చెవ్‌ను చిత్తుగా ఓడించాలి. ఆ తర్వాత, అతను మరీ డీలా పడిపోతే, కాఫీకి పిలవాలి. ఈ చివరి సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా అంత గట్టిగా చెప్పుకోలేదు.

ఆ ఓటమి సంగతి కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పుకోవాలి. "పదమూడో లాంతరు" అనే టీవీ సీరియల్ మూడేళ్ళ కిందట అర్ధాంతరంగా ఆగిపోయింది. దయ్యాలనూ రక్తపిశాచాలనూ వేటాడే ఇన్‌స్పెక్టర్ ద్రాగొమిర్, చివరి భాగం చివరి నిమిషంలో మసకబావిలో పడిపోయాడు. లాంతరు తేలింది, మనిషి తేలలేదు. టీవీ వాళ్ళు అక్కడితో చేతులు దులుపుకున్నారు. బెలోబ్రెగ్ పట్టణంలోని ఏడుగురు అభిమానులు మాత్రం మూడేళ్ళుగా ఆ బావి గట్టు మీదే కాపురం పెట్టారు. ఇప్పుడు ఆ కథ బొమ్మల పుస్తకంగా కొనసాగబోతోంది. మొదటి సంచిక వచ్చేది ఆ సాయంత్రమే.

ద్రాగొమిర్ బతికే ఉన్నాడన్నది కామెన్ వాదం. కామెన్ ఊరి నీటి సరఫరా కార్యాలయంలో ఫిర్యాదుల గుమస్తా. ద్రాగొమిర్‌లాగే గడ్డం పెంచాడు, అలాంటి నల్లకోటే కుట్టించుకున్నాడు. "శవం కనబడిందా? లేదు కదా. మరి చచ్చాడని ఎలా అంటావు?" అని అడిగి చేతులు కట్టుకుని కూర్చునేవాడు. స్తిల్యానకు ఆ మాట వింటే ఒళ్ళు మండేది. "బావిలో పడ్డవాడు చస్తాడు. శవం దొరకలేదు కాబట్టి బతికున్నాడనడం, గాజుతొట్టిలో చేప చచ్చిపోతే చిన్నపిల్లలకు చెప్పే మాట" అనేది. ఈ రెండు ముక్కలనే మూడేళ్ళుగా, ప్రతి గురువారం, ఇద్దరూ కొత్తగా కనిపెట్టినంత ఉత్సాహంతో అనుకుంటూ వచ్చారు.

పోయిన వారం ప్రచురణకర్తలు పుస్తకం అట్టమీది బొమ్మ విడుదల చేశారు. అందులో ఒక సమాధి, దాని మీద వెలుగుతున్న లాంతరు ఉన్నాయి. కామెన్ పక్షాన ఉన్న ముగ్గురూ ఆ క్షణమే పార్టీ మార్చేశారు. దొరికిందే సందని స్తిల్యాన పందెం కట్టించింది, గెలుపు ఎలాగూ తనదే కాబట్టి అది ముందే చెల్లించాలంది. సంచిక వచ్చే రోజు పొద్దునకల్లా కామెన్ తన ఖర్చుతో ద్రాగొమిర్ పేర ఫొటోతో సహా నల్ల అంచు మరణ ప్రకటన వేయించి, సంఘం గది తలుపుకు పెట్టించాలి. ఊళ్ళో పోయినవాళ్ళందరికీ వేయించి గోడలకు అంటించినట్టే వేయించాలి. "ఒక్కటి చాలులే" అంది దయతలచి.

ఎనిమిదింటికి ఆమె దుకాణానికి వచ్చేసరికి ఆ నల్ల అంచు కాగితం తన తలుపు మీదే కనబడింది. "ఫర్వాలేదే, నా గుమ్మానికే పంపించాడు" అనుకుంటూ దగ్గరికి వెళ్ళింది. ఫొటోలో ఉన్నది కామెన్, ద్రాగొమిర్ వేషంలో నల్లకోటు వేసుకుని, సంఘం విహారయాత్రకు వెళ్ళినప్పుడు తీసిందే. ఆనాడు చేతిలో ఉన్న లాంతరు మాత్రం లేదు. కింద ఇలా ఉంది: "కామెన్ దోయ్‌చెవ్. మసకబావిలో పడి మమ్మల్ని విడిచి వెళ్ళాడు. శవం దొరకలేదు. మేము నమ్మం. దుఃఖంలో మునిగిన మిత్రులు."

స్తిల్యానకు నవ్వు ఆగలేదు. ఓడిపోతున్నానని అలిగి తన పేరే వేసుకున్నాడనుకుంది. ఫోన్ చేస్తే కట్టేసి ఉంది. అదీ ఆమె ఊహించిందే. సంచిక వచ్చే రోజు ఎవడో ఒకడు కథ ముందే చెప్పేస్తాడని అతనికి భయం. అందుకే ఫోన్ కట్టేసి, సెలవు పెట్టి, డాన్యూబ్ నది మీదికి చేపలు పట్టడానికి పోతానని వారం ముందే చెప్పాడు. చేపలు బొమ్మల పుస్తకాలు చదవవు కదా అన్నాడు.

తలుపు తీసీ తీయగానే ఎదురింటి యోత బామ్మ వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా స్తిల్యానా, గుండెదడకి చుక్కల మందియ్యి. రెండు సీసాలియ్యి. ఒకటి నీకే."

"నాకెందుకు బామ్మా?"

"నా దగ్గర దాచకే తల్లీ. ఆ పిల్లాడు వారానికి నాలుగుసార్లు నీ దగ్గర దగ్గుమందు కొనేవాడు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. ఒక్కనాడు దగ్గితే ఒట్టు."

స్తిల్యాన చెవులు వేడెక్కాయి. "బామ్మా, అతను పోలేదు. అది టీవీ కథ. మసకబావి టీవీలోది."

"అవునమ్మా, అవును" అంది యోత బామ్మ ఆమె చెయ్యి నిమురుతూ. "మా ఆయన పోయినప్పుడు నేనూ ఇట్టాగే అన్నా. పది రోజులు ఆయనకి కంచం కూడా పెట్టా."

ఇలా లాభం లేదని స్తిల్యాన బయటికి వెళ్ళి ఆ కాగితం పీకబోయింది. వీధికి అటువైపు నుంచి రొట్టెల కొట్టావిడ గట్టిగా అరిచింది. "ఏయ్! నలభై రోజులు కాకుండా చింపుతావా? చదువుకున్నదానివి, పాపం పుణ్యం లేదూ?" నలుగురు ఆగి చూశారు. స్తిల్యాన చెయ్యి దించేసింది. అప్పుడు కనబడింది, రొట్టెల కొట్టు అద్దం మీద ఇంకొకటి. కరెంటు స్తంభం మీద ఇంకొకటి. బస్టాపులో పక్కపక్కనే రెండు.

పదకొండింటికల్లా ఊరు ఆ ప్రకటనను శ్రద్ధగా చదివి అర్థం చేసుకుంది. పోయినవాడు నీళ్ళ కార్యాలయం మనిషి. పడింది బావిలో. శవం దొరకలేదు. అయితే ఆ శవం ఎక్కడున్నట్టు? ఇంటింటా అందరూ కుళాయి వంక చూశారు. అరగంటలో దుకాణాల్లో నీళ్ళ సీసాలు అయిపోయాయి, ఆ తర్వాత మజ్జిగ సీసాలు కూడా అయిపోయాయి. ఒకావిడ గ్లాసుడు నీళ్ళు తెచ్చి స్తిల్యాన బల్ల మీద పెట్టింది.

"ఇందులో ఏముందో కాస్త చూసి చెప్పు."

"నీళ్ళున్నాయి."

"అవి కాక?"

నీటి కార్యాలయం డైరెక్టరు పెద్దమనిషి. ప్రజల భయం పోగొట్టాలని తనే కూడలిలో నిలబడి ప్రకటన చేశాడు. "మన ఊళ్ళో బావులే లేవు! మన నీళ్ళన్నీ నదిలోంచే వస్తాయి!" అన్నాడు. దాంతో జనానికి అనుమానం పూర్తిగా తీరిపోయింది. అయితే నదిలో ఉన్నాడన్నమాట అనుకుని రేవు వైపు కదిలారు.

స్తిల్యాన దుకాణానికి తాళం వేసి గింక పిన్ని దగ్గరికి పరుగెత్తింది. ఊళ్ళో ఎవరు పోయినా మరణ ప్రకటన అచ్చు వేసేది గింక పిన్నే. అంత్యక్రియల కార్యాలయంలో కిటికీ పక్కన కంప్యూటరు ముందు కూర్చుని, పొద్దుటి నుంచీ ఏడ్చి, ఇప్పుడే కాస్త తేరుకుని కాఫీ తాగుతోంది.

"పిన్నీ, ఏం చేశావు?"

"ఏం చేయమంటావే? పొద్దున రాగానే చూస్తే ఈమెయిల్ వచ్చి ఉంది. ఫొటో చూశాక నా గుండె ఆగినంత పనైంది. మన కామెన్! కింద మాత్రం ఎవరో ద్రాగొమిర్ అని పేరు రాసుంది. దుఃఖంలో ఉన్నవాళ్ళు అట్టాగే తికమక పడతారు. మొన్నొకావిడ పోయిన మొగుడి పేరుకి బదులు తన పేరే రాసి పంపింది. నేనే దిద్దాను."

"ఫోన్ చేసి అడగొద్దూ?"

"చేశా. కట్టేసి ఉంది. పోయినవాడి ఫోనెవరు తీస్తారు?"

"వాళ్ళమ్మని అడగొచ్చుగా?"

గింక పిన్ని కప్పు కింద పెట్టింది. "కొడుకు పోయిన తల్లికి ఫోన్ చేసి, అమ్మా మీవాడి పేరిదేనా, సరిచూసుకో అనమంటావా? ఈ కుర్చీలో ముప్పయ్యేళ్ళుగా కూర్చున్నా. అంత సిగ్గుమాలిన పని ఎన్నడూ చెయ్యలేదు."

"మరి ఒక్కటే కదా వేసి, సంఘం గది తలుపుకు అంటించమన్నారు?"

"అదేనే నా కడుపు తరుక్కుపోయింది! ఒక్కటా? పిల్లి తప్పిపోతే పది అంటిస్తారు. ఎవరూ లేని అనాథలా ఒక్క కాగితంతో సాగనంపుతామా మన కామెన్‌ని? ముప్పై వేసి, నేనే తిరిగి అంటించొచ్చా. ఆ లాంతరు కూడా తీసేశాలే. పోయేవాడికి లాంతరెందుకు?"

స్తిల్యాన ఊపిరి పీల్చుకుని నెమ్మదిగా చెప్పింది. "పిన్నీ, ఆ ఈమెయిల్ పంపింది కామెనే. తన చేత్తోనే రాసి పంపాడు."

గింక పిన్ని రెండుసార్లు సిలువ గుర్తు వేసుకుంది. "పిచ్చినాయన, ముందే తెలిసిపోయిందన్నమాట."

ఇంక ఈ మనిషితో మాట్లాడటం దండగ అనుకుని స్తిల్యాన లేచేసరికి రూసి మామ లోపలికి వచ్చాడు. రేవులో పడవలు అద్దెకిచ్చే ముసలాయన. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పొద్దున ఆరింటికి నా పడవ తీసుకెళ్ళాడు కామెన్" అన్నాడు. "ఇందాక అది ఖాళీగా కొట్టుకొచ్చింది. గాలముంది, సగం తిన్న బనిత్స రొట్టె ఉంది. మనిషి లేడు."

స్తిల్యానకు భయం వేసింది. పొద్దుటి నుంచీ వచ్చిన విసుగూ కోపమూ ఒక్కసారిగా ఎటో పోయాయి. గురువారాల్లో బల్లకు అవతల చేతులు కట్టుకుని కూర్చునే ఆ గడ్డం లేకపోతే ఆ గదికి ఎందుకు వెళ్ళాలో ఆమెకు తెలియలేదు. పందెం కట్టించింది తనే. ఆ కాగితం వేయించమన్నది తనే. ఆమెకు ఏడుపొచ్చింది గానీ, గింక పిన్ని ముందు ఏడిస్తే ఇంకో ముప్పై వేస్తుందేమోనని ఆపుకుంది.

రేవు నిండా జనం ఉన్నారు. అగ్నిమాపక దళం పడవ రేవు పక్కన నీళ్ళలో కొక్కేలు వేసి వెతుకుతోంది. డైరెక్టరు బైనాక్యులర్స్ పట్టుకుని, ఈ నది తన కార్యాలయం కిందికి రాదని పక్కవాళ్ళకు చెబుతున్నాడు. అందరి చేతుల్లో పూలున్నాయి. రెండు, నాలుగు, ఆరు. పోయినవాళ్ళకు సరి, బతికున్నవాళ్ళకు బేసి. బెలోబ్రెగ్‌లో ఎక్కాలు రాని పిల్లలకు కూడా ఈ లెక్క వచ్చు. ఎవరో స్తిల్యాన చేతిలోనూ ఆరు ఎర్రపూలు పెట్టి, భుజం తట్టి వెళ్ళిపోయారు.

"నదిలో పడ్డవాడు ఇంకేం బతుకుతాడు" అంది యోత బామ్మ ముక్కు చీదుతూ.

"శవం కనబడిందా?" అంది స్తిల్యాన.

చుట్టుపక్కల వాళ్ళు ఆమె వైపు తిరిగారు. ఆమె ఆగలేదు. "కనబడలేదు కదా. మరి చచ్చాడని ఎలా అంటారు?"

సంఘం సభ్యులు ఐదుగురూ ఒకచోటే నిలబడి ఉన్నారు. పుస్తకాల కొట్టు పావ్లిన్ గొంతు సవరించుకున్నాడు. "స్తిల్యానా, ఏమీ అనుకోకు. అది చేప చచ్చిపోతే పిల్లలకు చెప్పే మాటని నువ్వే కదా..."

"నోర్ముయ్ పావ్లిన్."

స్తిల్యాన రూసి మామ పడవ దగ్గరికి వెళ్ళి, కామెన్ ఆ చివరి భాగాన్ని ఎన్ని వందల సార్లు ఆపి ఆపి చూపించేవాడో అంత ఓపికతో దాన్ని చూసింది. ఒక్కొక్కటే పైకి చెప్పుకుంటూ పోయింది.

"గాలం దారం చుట్టిపెట్టి ఉంది. కాలుజారి పడేవాడు దారం చుట్టడు. బనిత్స కాగితంలో మడిచి ఉంది, తర్వాత తిందామని. తాడు తెగలేదు, ముడి ఊడింది. ముడి ఊడిందంటే ముందు దేనికో కట్టాడు. కట్టాడంటే ఒడ్డు ఎక్కాడు. ఇంత వెడల్పు నదిలో, ఇటు ఒడ్డు కాకుండా కట్టడానికి ఏముంది?"

అందరూ ఎగువన ఉన్న దీవి వైపు చూశారు. విల్లో చెట్లు తప్ప ఏమీ లేని ఇసుక దిబ్బ అది. స్తిల్యాన అగ్నిమాపక దళం పెద్ద దగ్గరికి వెళ్ళి, పడవను అక్కడికి పోనివ్వమంది.

"ఆధారం ఏమిటమ్మా?" అన్నాడాయన.

"పదకొండో భాగం" అంది స్తిల్యాన. అని నాలుక కరుచుకుంది.

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "కొట్టుకుపోయిన పడవ భాగమేనా? మా ఇంట్లోనూ చూసేవాళ్ళం" అన్నాడు. పడవ తిప్పించాడు.

అరగంట పట్టింది. ఆ అరగంటా స్తిల్యాన పూలు పట్టుకుని నిలబడింది. పడవ తిరిగొస్తుంటే ముందుభాగంలో ఒక నల్లకోటు కనబడింది. కోటు నిలువుగా ఉంది. కోటులో మనిషి ఉన్నాడు. మోకాళ్ళ దాకా తడిసి, గడ్డంలో విల్లో ఆకులతో, అప్పుడే నిద్ర లేచిన ముఖంతో కామెన్ నిలబడి ఉన్నాడు. చెట్టు కింద కునుకు తీసి లేచేసరికి పడవ లేదు, అంతే జరిగింది.

రేవులో ఇసుక వేస్తే రాలనంత జనం, పూలు, ఏడుపు ముఖాలు చూసి అతను గతుక్కుమన్నాడు. గబుక్కున రెండు చెవులూ మూసుకున్నాడు.

"ఎవరూ ఏమీ చెప్పొద్దు!" అని అక్కడి నుంచే అరిచాడు. "నేనింకా పుస్తకం చదవలేదు! చచ్చాడో బతికాడో నాకు చెప్పారంటే ఊరుకోను!"

యోత బామ్మ రెండు చేతులూ ఎత్తి, దిక్కులు పిక్కటిల్లేలా అరిచింది. "బతికాడు నాయనోయ్! బతికే ఉన్నాడు!"

"అయ్యో బామ్మా!" అని తల పట్టుకున్నాడు కామెన్. "చెప్పేశావా!"

పడవ ఒడ్డుకు తగిలింది. స్తిల్యాన ముందుకు వెళ్ళింది. చేతిలో పూల వంక చూసుకుంది. ఆరు ఉన్నాయి. ఒకటి తీసి నీళ్ళలో పడేసి, మిగిలినవి అతని చేతిలో పెట్టింది.

కామెన్ లెక్కపెట్టుకున్నాడు. "ఐదు" అన్నాడు.

"లెక్క బాగానే వచ్చు నీకు. దగ్గు ఎలా ఉంది?"

"ఏ దగ్గు?"

"వారానికి నాలుగు సీసాల దగ్గు. ఏదీ, ఒక్కసారి దగ్గి చూపించు."

కామెన్ ప్రయత్నించాడు గానీ దగ్గు రాలేదు. వెనకనుంచి గింక పిన్ని ముక్కు చీదిన చప్పుడొక్కటే వినబడింది.

ఆరింటికి సంఘం గదిలో పావ్లిన్ కట్ట విప్పాడు. ఊపిరి బిగబట్టి ఏడుగురూ ఒకే పుస్తకం మీదికి వంగారు. ఆ సంచికలో ద్రాగొమిర్ ఊసే లేదు. కథంతా ద్రాగొమిర్ తాత కాలంలో జరిగింది. అట్టమీది సమాధి తాతది. ఆఖరి పేజీలో ఆ సమాధి మూత కొంచెం తెరుచుకుని ఉంది. "చూశావా, లేచి బయటికొచ్చాడు" అన్నాడు కామెన్. "మూత గాలికి జరిగింది, ముసలాడు లోపలే ఉన్నాడు" అంది స్తిల్యాన. వాదన తేలలేదు, కాఫీకి వెళ్ళి అక్కడ తేల్చుకుందామని ఇద్దరూ లేచారు.

గోడల మీది ముప్పై కాగితాలూ అలాగే ఉండిపోయాయి. నలభై రోజులు కాకుండా తీయడానికి గింక పిన్ని ఒప్పుకోలేదు. బతికున్నంత మాత్రాన పద్ధతి మారదు అంది. నలభయ్యో రోజు పొద్దున ఆనవాయితీ ప్రకారం పోయినవాళ్ళ పేర పంచే, చక్కెర కలిపిన ఉడికించిన గోధుమలు గిన్నెనిండా పట్టుకుని మందుల దుకాణానికి వచ్చింది. బల్ల వెనక స్తిల్యాన పక్కన కూర్చుని ఉన్న కామెన్ రెండుసార్లు వడ్డించుకుని తిని, చక్కెర కొంచెం తగ్గిందన్నాడు.